చలివేంద్రం డైరీ: 66 రోజులు, 5,715 ఖాళీ నిమిషాలు

గతేడాది ఉప్పల్‌లో మా కాలనీ సేవా క్లబ్బు పెట్టిన చలివేంద్రం తొమ్మిది రోజులు నడిచింది. దాని ఫ్లెక్సీ మాత్రం వానలు పడేదాకా ఉంది. మొత్తం ఖర్చు రూ. 7,900. అందులో కుండలకూ నీళ్లకూ పోయింది రూ. 1,700. మిగతాదంతా ఫ్లెక్సీ, టెంటు, దండలు, వచ్చిన పెద్దమనుషులకు టిఫిన్లు. ట్రెజరర్ గారు ఈ లెక్క మీటింగులో చదువుతుంటే ఎవరమూ తలెత్తలేదు.

ఈసారి పని నాకు అప్పజెప్పారు. నేను ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. ఎండాకాలం నాకు పంట చేతికొచ్చే కాలం, ఖాళీ ఉండదు. అయినా నీళ్లు చల్లబరచడం నా పనే కదా అని ఒప్పుకున్నాను. క్లబ్బులో 22 మందిమి, నెల చందా రూ. 300. ఈ పనికి క్లబ్బు ఇచ్చింది రూ. 15,000. మీ కాలనీలోనూ చలివేంద్రం పెట్టే ఆలోచన ఉంటే మేం చేసిన తప్పులు మళ్లీ చేయకుండా ఉంటారని ఇది రాసి పెడుతున్నాను.

దశ 1: చోటు (ఏప్రిల్ 4న తెరిచాం, అంతకుముందు మూడు రోజులు)

గతేడాది పెట్టిన చోటు ఫ్లెక్సీ బాగా కనబడే చోటు. రేకుల కింద. మధ్యాహ్నం రెండున్నరకు అక్కడ థర్మామీటరు పెడితే 44 డిగ్రీలు. రింగురోడ్డు నుంచి రామంతాపూర్ వైపు వెళ్లే దారిలో బస్టాపు పక్కన కానుగ చెట్టు ఉంది. దాని కింద అదే సమయానికి 39. రేకు ఎండ ఆపుతుంది కానీ తాను కాగి ఆ వేడంతా కిందికే దింపుతుంది.

1. చోటు చూడ్డానికి పొద్దున వెళ్లొద్దు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య వెళ్లి నీడ ఎక్కడ పడుతుందో సుద్దతో గీయండి.
2. గాలి ఆడాలి. గోడ మూలలో కుండ పెడితే చల్లబడదు.
3. నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ వదలాలి. మాకు ఐదడుగులు వదలమన్నారు, వదిలాం.
4. పక్కన రోజంతా కూర్చునే మనిషి ఒకరుండాలి. ఇది మేం చూసి ఎంచుకున్నది కాదు, అదృష్టం కొద్దీ దొరికింది. చెట్టుకు ఆ పక్కన తాళంచెవులు చేసే చాచా బండి ఉంది. ఆయన గురించి ముందు ముందు వస్తుంది.

స్టాండుకు ఖర్చు లేదు. ఏసీ ఔట్‌డోర్ యూనిట్లు కూర్చోబెట్టే పాత ఇనుప స్టాండ్లు నా షాపులో ఆరు పడి ఉన్నాయి.

దశ 2: కుండలు (1 నుంచి 6వ రోజు)

మూడు రంజన్లతో మొదలుపెట్టాం. ఒక్కోదాంట్లో 28 లీటర్లు పడతాయి. రెండు మామూలువి, రూ. 350 చొప్పున. మూడోది రంగులేసి పూలు దిద్దినది, రూ. 600. "చూడ్డానికి కళగా ఉంటది" అని మా క్లబ్బు సెక్రటరీ ముచ్చటపడి తెచ్చారు.

మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి, రాత్రి నింపి ముట్టుకోకుండా ఉంచిన కుండల్లో థర్మామీటరు ప్రోబ్ దించాను. బయట 39.2. మామూలు కుండలో 27.1. రంగుల కుండలో 33.4. మట్టి సన్నని రంధ్రాల్లోంచి నీరు చెమ్మలా బయటికొచ్చి ఆవిరైతేనే లోపల చల్లబడుతుంది. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి పట్టుకుపోతుంది. ఆ వేడంతా లోపలి 28 లీటర్ల నుంచే పోతే 20 డిగ్రీలు తగ్గాలి. అంత తగ్గదు, ఎందుకంటే బయటి గాలి అటు నుంచి వేడి ఎక్కిస్తూనే ఉంటుంది. రంగు పూస్తే ఈ చెమ్మే రాదు. అది కుండ ఆకారంలో ఉన్న బకెట్టు, అంతే. సెక్రటరీ గారి రంజన్‌ను చెట్టు మొదట్లో పిట్టలకు, కుక్కలకు నీళ్లు నింపే పాత్రగా మార్చాం. ఆయన వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఇంకో తప్పు నాదే. దుమ్ము పడుతోందని రెండు కుండల చుట్టూ గతేడాది ఫ్లెక్సీ చుట్టాను. మర్నాటికి 30.8. విప్పేసి, తడి ఇసుకలో జానెడు ఎడంగా కూర్చోబెట్టి, మెడ చుట్టూ తడి గోనెపట్టా కట్టాక మళ్లీ 27కు దిగింది. దుమ్ముకు మూత చాలు.

కొత్త కుండ తెచ్చాక:

1. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టాలి.
2. మొదటి రెండు నింపుళ్లు పారబోయాలి, చెట్లకు పోయొచ్చు.
3. సబ్బు ముట్టించొద్దు. రంధ్రాల్లోకి పోతే నెల రోజులైనా నురగ రుచి వదలదు. కొబ్బరి పీచు, వేడినీళ్లు, తర్వాత పూట ఎండ.

పొద్దున 9కి, మధ్యాహ్నం 2కి నింపేవాళ్లం. ఆరో రోజు నేను సర్వీసింగ్‌కు పోతూ పన్నెండున్నరకు బండి ఆపాను. భువనగిరి బస్సు కోసం నిలబడ్డ ఒక అవ్వ మూత తీసి, లోటా ముంచి, అది అడుగుకు తగిలి టంగుమన్నాక నావైపు చూసింది. "గివి ఉత్త కుండలేనా బిడ్డా? ఊకెనే పెట్టిండ్రా?"

అప్పటిదాకా మా నోట్‌బుక్కులో ఎన్ని లీటర్లు పోశామో మాత్రమే రాస్తున్నాం. ఆ రోజు నుంచి ఇంకో గడి గీశాం: ఖాళీ నిమిషాలు. పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా, అంటే 540 నిమిషాల్లో, కుండలన్నీ ఎండిపోయి ఉన్న సమయం ఎంత? చాచాను అడిగితే గత ఐదు రోజులదీ సరిగ్గా చెప్పాడు. పన్నెండు దాటాక అయిపోయేవి, రెండింటికి నింపేవాళ్లం. నాలుగుకు మళ్లీ అయిపోయేవి, ఇక ఆ రోజుకు అంతే. రోజుకు 230 నిమిషాలు. ఫోటోలో ఎప్పుడూ నిండుగానే కనిపించిన చలివేంద్రం నిజానికి పగటిలో 43 శాతం సేపు ఉత్త కుండలే.

లెక్క, 6వ రోజుకు: ఖర్చు రూ. 3,020 (కుండలు 1,300, ఇసుక 160, స్టీలు గ్లాసులు 540, క్యాన్ నీళ్లు 1,020). పోసినవి 1,008 లీటర్లు. ఖాళీ 1,380 నిమిషాలు.

దశ 3: గ్లాసులు, కుళాయిలు (7 నుంచి 15వ రోజు)

బేగంబజార్‌లో డజను స్టీలు గ్లాసులు కొన్నాం. నాలుగు రోజుల్లో ఏడు పోయాయి. మిగిలిన ఐదింటికి గొలుసు వేశాం. గొలుసుతో అందరూ అదే గ్లాసు నోటికి కరుచుకుని తాగుతున్నారు. కొందరు ఎంగిలని తాగకుండానే వెళ్లిపోతున్నారు. ప్లాస్టిక్ గ్లాసులు 2022 జూలై నుంచి నిషేధం, ఆ ప్రస్తావనే లేదు. పేపర్ కప్పులు వెయ్యి తెచ్చాం. రెండో రోజు సాయంత్రం మోరీ అంతా కప్పులే. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మా బాబాయి చీపురు పట్టుకుని గంటసేపు ఏరారు. "టికెట్లు చించిన రోజుల్లో కూడా ఇంత చెత్త చూడలేదురా" అన్నారు.

పరిష్కారం కుళాయి. దోసిలి పట్టుకోవచ్చు, సీసా నింపుకోవచ్చు, ఎంగిలి గొడవ లేదు. నా డ్రిల్లుతో నేనే బెజ్జం వేద్దామని కూర్చున్నాను. రాగి పైపులు కోసిన చెయ్యి, కుండ ఎంత అనుకున్నాను. నిమిషంలో అడుగు నుంచి మెడ దాకా ఒక గీత, ఆపైన రెండు ముక్కలు. రూ. 350.

సికింద్రాబాద్ కుమ్మరిగూడకు వెళ్లి అడిగితే కుండలమ్మే అక్క నవ్వింది. బెజ్జం పచ్చిమట్టి మీదే వేసి కాలుస్తారట, కావాలంటే అలాంటివే ఇస్తానంది. నాలుగు తెచ్చాం, రూ. 420 చొప్పున.

కుళాయి బిగించే తీరు:

1. లోపల ఒకటి, బయట ఒకటి రబ్బరు వాషర్. రెండూ ఉండాలి.
2. కుళాయి మర మీద టెఫ్లాన్ టేపు ఏడెనిమిది చుట్లు.
3. చేత్తోనే బిగించాలి. పానా పట్టారా, పగిలింది.
4. ఎంసీల్ పూయొద్దు. ఎండకు బిగుసుకుని మట్టిని తనతో లాగి పగులు తెస్తుంది.
5. తిప్పే కుళాయి వద్దు. మేం మొదట అదే పెట్టాం. ఎవరో పూర్తిగా కట్టకుండా బస్సెక్కేశారు, 28 లీటర్లూ రోడ్డు పాలు. రాణిగంజ్‌లో దొరికే, నొక్కితేనే వచ్చే పుష్ కుళాయిలకు మార్చాం, రూ. 160 చొప్పున. తిప్పేవి నా దగ్గరున్న పాతవే కనుక లెక్కలోకి రాలేదు.

క్యాన్ నీళ్లు కూడా ఈ దశలోనే మానేశాం. సప్లయర్ పొద్దున పదికి రమ్మంటే పన్నెండుకు వచ్చేవాడు. సీలు ఉన్న రోజు ఉంది, లేని రోజు ఉంది. మెడికల్ షాపు నడిపే అన్న వాళ్ల అపార్ట్‌మెంటు సంపులోకి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అపార్ట్‌మెంటువాళ్లు ఒప్పుకున్నారు. అక్కడి నుంచి పొద్దున, రాత్రి బండి మీద మోసుకొస్తున్నాం.

లెక్క, 15వ రోజుకు: ఖర్చు రూ. 6,130. పోసినవి 2,628 లీటర్లు. ఖాళీ 3,090 నిమిషాలు.

దశ 4: వరస, మనుషులు (16 నుంచి 30వ రోజు)

కుళాయి పెట్టాక జనం పెరిగారు, చల్లదనం తగ్గింది. సంపు నీళ్లు 32 డిగ్రీలు. మధ్యాహ్నం రెండింటికి పోస్తే రెండు నలభైకి 31.5. అప్పటికే సగం కుండ తాగేశారు. కుండ చల్లబరచడానికి ఐదారు గంటలు తీసుకుంటుంది, మేం దానికి గంట కూడా ఇవ్వడం లేదు. మంచి కుండ కొన్నా ఫలితం లేదు, దాని టైము దానికి దొరకాలి.

ఇంకో నాలుగు కుండలు తెచ్చాం. మొత్తం ఎనిమిది: ఆరు పనిలో, రెండు కడిగి ఎండలో. సుద్దతో 1 నుంచి 6 నంబర్లు వేశాం. అన్నీ రాత్రి నింపాలి. పొద్దున 1, 2, 3 తెరవాలి. 4, 5, 6 మూతల మీద ఇటుక పెట్టి, కుళాయికి గుడ్డ చుట్టాలి, మధ్యాహ్నం దాకా ముట్టొద్దు. ఒకటిన్నరకు 1, 2, 3 మళ్లీ నింపితే సాయంత్రానికి పనికొస్తాయి. రోజుకు 252 లీటర్ల సత్తా. కాగితం మీద.

నింపే మనుషులేరీ? వాట్సాప్‌లో డ్యూటీ చార్టు పెడితే 22 మందీ బొటనవేలు గుర్తు పెట్టారు. మర్నాడు నలుగురు వచ్చారు. కొందరు పెళ్లిళ్లకు, కొందరు పిల్లల పరీక్షలకు, కొందరు ఎక్కడికీ పోలేదు, ఎండకు భయపడ్డారు. మానితే 50 రూపాయల జరిమానా పెడదామని లెక్చరర్ గారు ప్రతిపాదించారు. పెట్టాం. అది ఇంకా చెడింది. ఇంతకుముందు రానందుకు సిగ్గుపడి ఫోన్ చేసేవాళ్లు ఇప్పుడు హాయిగా యాభై పంపించి ఊరుకున్నారు. ఐదు రోజుల్లో రూ. 450 జమ, తొమ్మిది డ్యూటీలు గల్లంతు. సెలవు అమ్మినట్టయింది. జరిమానా తీసేసి డబ్బు ఎవరిది వాళ్లకు తిరిగిచ్చాం. ట్రెజరర్ గారు రశీదులతో సహా.

తర్వాత చేసిన మార్పు చిన్నది. రోజుల వారీ డ్యూటీ మానేసి, కుండల వారీగా పంచాం. ఒక్కో కుండకు మూడు నాలుగు కుటుంబాలు. కడగడం, నింపడం, కుళాయి చూసుకోవడం వాళ్లదే. రెండో రోజే టైలర్ అక్క ఫోన్: "మా మూడో నంబరు మూత ఎవరు మార్చిన్రు?" పని కుదిరిందని నాకు అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం ఒకటిన్నర నింపుడు మా మెంబరైన ఆటో అన్న తీసుకున్నారు. పొద్దున ట్రిప్పులు, ఆ తర్వాత ఖాళీ. ట్రిప్పుకు యాభై పెట్రోలు ఖర్చు మాత్రం తీసుకుంటారు.

లెక్క, 30వ రోజుకు: ఖర్చు రూ. 8,530 (ఆటో విడిగా). పోసినవి 5,628 లీటర్లు. ఖాళీ 4,590 నిమిషాలు. చివరి పదిహేను రోజుల్లో రోజుకు 100 నిమిషాలు. అంతకుముందు 190.

దశ 5: మందు, ఓఆర్‌ఎస్ (31 నుంచి 51వ రోజు)

తాగేనీళ్లలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన ప్రమాణాలు చెబుతాయి. మెడికల్ షాపు అన్న టెస్టు కిట్టు తెచ్చి చూస్తే, సంపు నీళ్లు మోసే క్యాన్‌లో రాత్రి క్లోరిన్ బిళ్ల వేశాక 0.5. అదే నీరు పొద్దున కుండలో 0.1 కూడా లేదు. రాత్రంతా కుండలో ఉండేసరికి మందు బలం పోతోంది. అందుకని బిళ్ల వేసే సమయం మార్చాం: రాత్రి కాదు, తెరవడానికి అరగంట ముందు, కుండలోనే. ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారమే. "మందు వాసనొస్తుంది" అని రెండు రోజులు ఫిర్యాదులు. బిళ్ల వేసిన అరగంటా మూత కొంచెం పక్కకు జరిపి, పైన పల్చటి గుడ్డ కడితే వాసన తగ్గింది. మూడు రోజులకొకసారి కుండ మార్చి కడగడం తప్పనిసరి చేశాం. లోపల చెయ్యి పెట్టి రుద్దితే జారుడు తగిలిందా, అది ఆ రోజు పనికిరాదు.

36వ రోజు ఒంటిగంటకు, పక్కన కట్టడం పనిచేసే తమ్ముడు ఒకడు చెట్టు కింద కూలబడ్డాడు. మా వాళ్లలో ఒకరు కంగారులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక్క గ్లాసులో కలిపి ఇచ్చేశారు. పెద్ద ప్యాకెట్టు 20.5 గ్రాములు, లీటరు నీటికి. గ్లాసులో కలిపితే ఉప్పు, చక్కెర చిక్కబడి మేలు కన్నా కీడు ఎక్కువ. అదృష్టవశాత్తు రెండు గుక్కలకే వద్దన్నాడు. నీడలో పడుకోబెట్టి, మెడ మీద తడి గుడ్డేసి, సరిగా కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా ఇస్తే అరగంటకు లేచాడు. మర్నాడే మూడు మార్పులు చేశాం:

1. లీటరు సీసాకు ఎర్ర గీత గీసి చెట్టుకు కట్టాం. ఆ సీసాలో తప్ప ఎందులోనూ కలపకూడదు.
2. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. పొద్దున కలిపిన సీసాకు సుద్దతో టైము రాయాలి.
3. మాట తడబడినా, మనిషి తికమకగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా ముందు 108కి ఫోన్. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

లెక్క, 51వ రోజుకు: ఖర్చు రూ. 10,580 (కిట్టు, బిళ్లలు 850, ఓఆర్‌ఎస్ 60 ప్యాకెట్లు 1,200). పోసినవి 10,773 లీటర్లు. ఖాళీ 5,115 నిమిషాలు. ఈ దశలో రోజుకు 25.

మధ్యలో ఒక మాట: ఈ క్లబ్బులో నాకేంటి?

మా తమ్ముడు అడిగాడు. నిజం చెప్పాలంటే రెండేళ్ల క్రితం నేను చేరింది గిరాకీ కోసం. డాక్టర్లు, లెక్చరర్లు, అపార్ట్‌మెంట్ల వాళ్లు పరిచయమైతే ఏసీ పనులొస్తాయని. నాలుగు సర్వీసింగులు వచ్చాయి, నలుగురూ "మన క్లబ్బే కదా" అని తగ్గించి ఇచ్చారు. సిగ్గుపడాల్సిందేం లేదు లెండి. 1905లో షికాగోలో రోటరీ క్లబ్బు పెట్టిన పాల్ హారిస్ లాయరు. కొత్త ఊళ్లో స్నేహితులు, తోటి వ్యాపారస్తుల పరిచయాలు కావాలనే పెట్టాడు. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు గనక ఆ పేరు. అలాంటి క్లబ్బు 1907లో మొదటి ఊరి పనిగా ఎత్తుకున్నది షికాగోలో జనానికి మరుగుదొడ్డి కట్టించడం. మాది దేనికీ అనుబంధం కాదు, కాలనీ క్లబ్బు. కానీ ఆ మరుగుదొడ్డి సంగతి చదివాక వాళ్ల మీద గౌరవం పెరిగింది.

నాకు దక్కినవి వేరే. లెక్చరర్ గారి అమ్మాయి ఖాళీ నిమిషాల పట్టికను కంప్యూటర్లో వేయడం నేర్పింది. అలాంటి పట్టికలోనే నా షాపుకొచ్చిన ఫోన్లలో నేను ఎత్తనివి రాయడం మొదలుపెట్టాను. మే మొదటి వారంలో 31. కొట్టుకు ఎదురుగా కూర్చుని గిరాకీ లేదని ఏడ్చింది నేనేనా అనిపించింది.

దశ 6: రోహిణి కార్తె (52 నుంచి 66వ రోజు)

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. మా 5వ నంబరు కుండ పగిలింది, కాకపోతే ఎండకు కాదు, ఎద్దు కొమ్ము తగిలి. కడిగి ఆరబెట్టిన రెండింట్లోంచి ఒకటి దింపాం. రోజుకు 280 లీటర్లు, ఒక రోజు 310 దాకా పోయాయి. 252 సత్తా చాలలేదు. మూడున్నరకు ఇంకో విడత నింపాం, అవి చల్లబడవని తెలిసే. ఆ సమయానికి చల్లగా ఉన్నాయా అని ఎవరూ అడగలేదు, ఉన్నాయా లేవా అనే అడిగారు. ఖాళీ నిమిషాలు మళ్లీ రోజుకు 40కి పెరిగాయి.

జూన్ మొదట్లో మబ్బులు పట్టి గాలిలో తేమ పెరిగింది. బయట 35 ఉన్నా కుండలో 29.5 కన్నా దిగలేదు. చెమ్మ ఆరకపోతే చల్లబడదు. మీ కుండ పాడైందనుకుని పారేయకండి.

ఇక చాచా సంగతి. నోట్‌బుక్కు తిరగేస్తే ఖాళీ అయిన టైములన్నీ ఆయన చేతిరాతే, ఉర్దూ అంకెల్లో. ఆటో రాని రోజుల్లో రెండు బకెట్లు సంపు నుంచి తెచ్చి పోసింది కూడా ఆయనే. అలా 14 సార్లు. క్లబ్బులో చేర్చుకుందామని బాబాయి అన్నారు. నెలకు మూడొందలు ఆయన కట్టగలడా, చందా మాఫీ చేస్తే రేపు ఇంకొకరు అడుగుతారేమో అని గంటసేపు వాదించుకున్నాం. చివరికి వెళ్లి ఆయన్నే అడిగాం. ఆకురాయితో తాళంచెవి రాస్తూ తలెత్తకుండా అన్నాడు: "మీటింగుకు రావాల్నా? అయితే వద్దు సాబ్. నా బండి ఎవరు చూస్తరు?"

మొత్తం లెక్క, జూన్ 8, మృగశిర కార్తె నాటికి:

పోసినవి 14,973 లీటర్లు. తాగినవి కాదు, కడిగినవి, కారినవి కూడా కలిపి.
ఖాళీ 5,715 నిమిషాలు. మొత్తం 35,640లో 16 శాతం.
ఖర్చు రూ. 12,580, ఆటో పెట్రోలు రూ. 2,000తో కలిపి. లీటరుకు 84 పైసలు. మిగిలింది రూ. 2,420.

67వ రోజు కుండలు దించాం. ఏడూ కడిగి, కుళాయిలు విప్పి, వాషర్లు డబ్బాలో వేసి, టైలర్ అక్క వాళ్ల మేడ మీద బోర్లించడానికి ఆటోలో ఎక్కిస్తున్నాం. చాచా వచ్చి 2వ నంబరు మీద చెయ్యేశాడు. వానాకాలమైనా ఆటోవాళ్లు, కూలీలు అడుగుతారట, ఒకటి ఉండనివ్వమన్నాడు. దింపి మళ్లీ ఇసుకలో కూర్చోబెట్టాం. దారానికి కట్టిన నోట్‌బుక్కు కూడా అక్కడే వదిలేశాం.

నిన్న అటు పోతూ చూశాను. చినుకులు పడుతున్నాయి, కుండ నిండుగా ఉంది. చివరి పేజీలో ఉర్దూ అంకెల్లో: ఖాళీ, 20 నిమిషాలు. పక్కన ఆయనే తెలుగులో వంకరటింకరగా రాశాడు, "నమాజ్".